కాలువ నీరు చివరికి ఎక్కడ పడుతుంది?

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ ఎపిసోడ్ మొత్తం ఒక్క ఫిర్యాదు చుట్టూ తిరుగుతుంది. అది నేనూ చేశాను, మీరూ చేసే ఉంటారు. కొత్త రోడ్డు వేస్తారు. నల్లగా నిగనిగలాడుతుంది. నెల తిరగకుండానే ఎవరో వచ్చి దాన్ని నిలువునా తవ్వేసి పోతారు. ఎందుకిలా జరుగుతుంది? పట్టణ ప్రణాళిక విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసిన మేడమ్ ఇవాళ మనతో ఉన్నారు. పేరు చెప్పకూడదని ముందే షరతు పెట్టారు.

అతిథి: పేరు చెబితే పాత ఫైళ్లు చంకన పెట్టుకుని ఎవరైనా ఇంటికి వస్తారని భయం బాబూ.

వ్యాఖ్యాత: (నవ్వు) సరే మేడమ్. తవ్వేవాళ్లకు బుద్ధి లేదా, వేసేవాళ్లకు లేదా?

అతిథి: ఇద్దరికీ ఉంది. ఎవరి లెక్కలో వాళ్లు సరిగ్గానే ఉంటారు, చిక్కంతా అక్కడే. రోడ్లవాళ్లకు ఈ ఏడాది డబ్బు వచ్చింది. పైపులైనుకు పోయిన ఏడాదే మంజూరైంది కానీ టెండరు ఆలస్యమైంది. ఒక్కో విభాగానికి ఒక్కో సంచి. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా ఖర్చు చేయకపోతే నిధులు మురిగిపోతాయి. రోడ్డు ఇంజనీరు పైపు కోసం ఆగితే అతని డబ్బు పోతుంది. ఆగకపోతే మీ రోడ్డు పోతుంది. అతను ఏం చేస్తాడో మీరే చెప్పండి.

వ్యాఖ్యాత: ఇద్దరూ ముందే కూర్చుని మాట్లాడుకోవచ్చు కదా?

అతిథి: మాట్లాడుకోవడానికి ఒక కాగితం కావాలి, నేల కింద ఏముందో చూపించే పటం. చాలా పాత పేటల్లో అది ఉండదు. ఏ పైపు ఎక్కడుందో ఒక పాత ఫిట్టరుకు తెలుసు. ఆయన రిటైరైతే ఆ పటం ఆయనతోనే వెళ్లిపోతుంది. హాస్యానికి అనడం లేదు. నేలలోకి తరంగాలు పంపి కిందేముందో చెప్పే రాడార్ యంత్రాలు ఇప్పుడున్నాయి. అయినా బంకమట్టి నేలలో, నీరు నిండిన నేలలో వాటి చూపు ఆనదు. అప్పుడు అక్కడక్కడా గుంట తీసి కళ్లతో చూసుకోవాల్సిందే.

వ్యాఖ్యాత: పటం ఉందనుకుందాం. ముందు ఏ పని చేయాలి?

అతిథి: అన్నింటికంటే లోతుగా ఉండేది. అంటే మురుగు పైపు. అందులో నీరు తనంతట తానే పారాలి, కాబట్టి దానికి వాలు కావాలి, వాలు విషయంలో అది ఎవరి మాటా వినదు. మంచినీటి పైపు అలా కాదు. అందులో ఒత్తిడి ఉంటుంది, కాస్త ఎక్కించినా దించినా నీరు పోతుంది. అందుకని మొదట మురుగు, తరవాత వాననీటి కాలువ, తరవాత మంచినీరు, కేబుళ్లు, చివరికి రోడ్డు. మంచినీటి పైపు మురుగు పైపు కంటే పైన ఉండాలి, పక్కపక్కన తగలకుండా ఎడంగా ఉండాలి. రోజంతా నీరు రాని చోట ఇది మరీ ముఖ్యం. నీరు ఆపినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోతుంది. ఎక్కడైనా పగులు ఉంటే బయటి మురికినీటిని అది లోపలికి పీల్చుకుంటుంది. మర్నాడు కొళాయి తిప్పగానే మొదట వచ్చేది అదే.

వ్యాఖ్యాత: ఇది విన్నాక కొళాయి వైపు చూడాలంటే భయంగా ఉంది.

అతిథి: భయపడండి, మంచిదే. ఇంకొకటి చెబుతాను, ఇది నా తప్పే. నేను పనిచేసిన ఒకచోట వాననీటి కాలువ కట్టాం. వెడల్పు సరిపోయింది, వాలు సరిపోయింది, లెక్కలు మూడుసార్లు సరిచూశాం. మొదటి పెద్ద వానకే నీరు వెనక్కి తన్నింది. ఎందుకంటే మా పని హద్దు ఒక కూడలి దగ్గర ఆగింది. దాని అవతల పాత ఇరుకు కాలువే ఉంది. మేము చేసిందల్లా నీటిని ఇంకాస్త వేగంగా తెచ్చి కింది పేట గుమ్మంలో పోయడం. కాలువ పని దిగువ నుంచి ఎగువకు రావాలని పుస్తకంలో చదివాను. ఒక ముసలాయన మోకాలి లోతు నీళ్లలో నిలబడి నన్ను తిడుతుంటే అప్పుడు అర్థమైంది.

వ్యాఖ్యాత: ఏమని తిట్టారు?

అతిథి: మీ ఎపిసోడ్‌కు పనికిరాదు.

వ్యాఖ్యాత: (నవ్వు) పెద్ద విషయానికి వద్దాం మేడమ్. రోడ్లూ కాలువలూ ఒకటి. పేట మొత్తాన్ని తిరిగి కడతాం అనడం ఇంకొకటి. ఇరుకుగా ఉంది, పాడుబడింది, కూల్చి కొత్తగా కడదాం అంటారు. వినడానికి బాగానే ఉంటుంది.

అతిథి: వంద ఏళ్ల కిందటే దీనికి ఒకాయన అడ్డుపడ్డాడు. ప్యాట్రిక్ గెడెస్, స్కాట్లండ్ వాడు. అసలు చదివింది జీవశాస్త్రం. 1914లో నగరాల మీద ఒక ప్రదర్శన తీసుకుని మద్రాసుకు బయలుదేరాడు. యుద్ధ కాలం. ఆ సరంజామా మోసుకొస్తున్న ఓడను జర్మన్ యుద్ధనౌక ఎండెన్ ముంచేసింది. పటాలు, బొమ్మలు, అన్నీ సముద్రంలో కలిశాయి. స్నేహితులు మళ్లీ పోగుచేసి పంపిస్తే 1915లో మద్రాసులో ప్రదర్శన పెట్టాడు.

వ్యాఖ్యాత: మద్రాసు మీద గుండ్లు కురిపించి భయపెట్టిన ఎండెనేనా?

అతిథి: అదే ఎండెన్. ఆ తరవాత ఆయన దక్షిణాదిన ఊరూరా తిరిగాడు, కాలినడకన. తంజావూరులో ఇరుకు సందులను తెగ్గొట్టి తిన్నని వీధులు వేద్దామన్న పథకం ఉంది. ఆయన చూసి వద్దన్నాడు. పాడుబడిన కొన్ని ఇళ్లు మాత్రం తీసేయండి, సందులు కలిసే చోట కాస్త జాగా వదలండి, ఒక చెట్టు పెట్టండి, మిగతావి ముట్టుకోకండి అన్నాడు. ఖర్చూ తక్కువే. వైద్యుడు రోగిని చూడకుండా కత్తి పట్టకూడదన్నది ఆయన పద్ధతి. ఇండోర్‌లో ఇంకా తమాషా చేశాడు. ప్లేగు బాధ ఉన్న రోజులు. దీపావళి ఊరేగింపు ఎప్పటి దారిలో కాకుండా, ఇళ్లు బాగా శుభ్రం చేసుకుని మరమ్మతులు చేసుకున్న వీధుల గుండా వెళుతుందని ప్రకటింపజేశాడు. ఊరేగింపులో పెద్ద ఎలుక బొమ్మను కూడా తిప్పారు. వీధులు పోటీపడి శుభ్రపడ్డాయి. ఏ టెండరుతో అది జరుగుతుంది?

వ్యాఖ్యాత: కానీ అది చిన్న ఊళ్ల కాలం. ఇప్పటి జనాభాకు అది కుదురుతుందా?

అతిథి: జకార్తా చిన్న ఊరా? 1969లో అక్కడ కంపుంగ్ బస్తీలను బాగుచేసే కార్యక్రమం మొదలుపెట్టారు. ఇళ్ల జోలికి పోలేదు. కాలిబాటలు, కాలువలు, కొళాయిలు, మరుగుదొడ్లు, అంతే. తరవాత ప్రపంచ బ్యాంకు అప్పు కూడా ఇచ్చింది. చుట్టూ వసతి బాగుపడితే లోపల ఇంటిని ఇంటివాళ్లే బాగుచేసుకుంటారన్నది వాళ్ల నమ్మకం. చాలావరకు అలాగే జరిగింది. అయితే కాలువలో పూడిక తీయడం ఎవరి వంతో తేలకపోతే ఈ పద్ధతీ దెబ్బతింటుంది. ఏ పద్ధతీ దేవుడిచ్చిన వరం కాదు.

వ్యాఖ్యాత: కూల్చి కట్టిన చోట జనం ఏమయ్యారు?

అతిథి: బోస్టన్‌లో వెస్ట్ ఎండ్ అని ఒక పేట ఉండేది. వలస వచ్చిన శ్రామిక కుటుంబాలు ఉండేవి. మురికివాడ అని పేరు పెట్టి 1950ల చివర్లో నేలమట్టం చేశారు. దాదాపు 2,700 కుటుంబాలు చెదిరిపోయాయి. తరవాత అక్కడ వచ్చిన ఇళ్ల అద్దె వాళ్లకు అందేది కాదు. మార్క్ ఫ్రీడ్ అనే మనస్తత్వవేత్త ఆ కుటుంబాలను కలిసి మాట్లాడాడు. స్త్రీలలో దాదాపు సగం మంది, సొంతమనిషి పోయినప్పుడు పడే దుఃఖం లాంటిదే అనుభవించారని 1963లో రాశాడు. పురుషుల్లోనూ చాలామంది అంతే. పరిహారం పట్టికలో దీనికి గడి లేదు.

వ్యాఖ్యాత: ఇంటి యజమానికి పరిహారం వస్తుంది కదా?

అతిథి: యజమానికి వస్తుంది. అద్దెకున్నవాడికి? మెట్ల కింద బడ్డీ పెట్టుకున్నవాడికి? సర్వే చేసేవాళ్లు తలుపు తట్టి ‘యజమాని ఉన్నారా’ అని అడిగిన క్షణంలోనే సగం పేట జాబితా బయటికి పోతుంది. నేనూ అలాంటి సర్వేలు చేయించాను, మొదటి పదేళ్లూ. తరవాత మా ఫారంలో ఒక వరుస చేర్పించాను, ‘ఈ ఇంట్లో రాత్రి పడుకునే కుటుంబాలు ఎన్ని?’ అని. దానికి మా పై అధికారి నవ్వారు. కానీ పత్రాల్లో నాలుగు కుటుంబాలున్న చోట ఆ వరుసలో పదకొండు కనిపించాయి.

వ్యాఖ్యాత: భూమిని సమీకరించే పద్ధతి మేలంటారు కొందరు. ఎవరినీ వెళ్లగొట్టకుండా, అందరి స్థలాలూ కలిపి మళ్లీ పంచడం.

అతిథి: యజమానుల వరకు మేలే. జపాన్ దాన్ని పెద్ద ఎత్తున వాడింది. 1923 కాంటో భూకంపం తరవాత తోక్యోను అలాగే తిరిగి అమర్చారు. ప్రతి యజమానీ తన స్థలంలో కొంత భాగం వదులుకుంటాడు. అందులోంచే రోడ్లు, పార్కులు వస్తాయి. కొంత అమ్మి పనుల ఖర్చు రాబడతారు. మిగిలిన స్థలం చిన్నదైనా మంచి రోడ్డు మీదికి వస్తుంది కాబట్టి విలువ పెరుగుతుందని లెక్క. పెద్ద స్థలం ఉన్నవాడికి ఆ లెక్క నప్పుతుంది. రెండు గదుల జాగా ఉన్నవాడి నుంచి పదో వంతు తీసినా వంటగది పోతుంది. విలువ పెరిగిందని వంట మానుకోలేడు కదా. అలాంటి చిన్న స్థలాలకు మినహాయింపు ముందే రాసుకోవాలి. అద్దెదారు ఊసు ఇక్కడా రాదు, గమనించండి.

వ్యాఖ్యాత: ఇప్పుడు ఆ రంగుల బొమ్మల సంగతి. ప్రతి పథకానికీ ఒక బొమ్మ వస్తుంది. పచ్చని చెట్లు, సైకిలు మీద నవ్వుతూ ఒక అమ్మాయి.

అతిథి: ఆ అమ్మాయి అన్ని ఊళ్లలోనూ ఒకటే. (నవ్వు) బొమ్మను చూడకండి, నిర్వహణ పద్దు చూడండి. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ప్రూయిట్ ఐగో అని 33 భవనాలు కట్టారు, ఒక్కొక్కటి 11 అంతస్తులు. 1954లో జనం దిగారు. కట్టడానికి కేంద్రం డబ్బిచ్చింది, నడపడానికి ఇవ్వలేదు. మరమ్మతులు అద్దెల్లోంచే చేసుకోవాలి. ఊళ్లో జనాభా తగ్గింది, ఇళ్లు ఖాళీ అయ్యాయి, అద్దె పడిపోయింది. అద్దె పడిపోతే మరమ్మతు ఆగింది, మరమ్మతు ఆగితే ఇంకొందరు వెళ్లిపోయారు. లిఫ్టు ఖర్చు తగ్గించాలని మూడేసి అంతస్తులకు ఒకచోట ఆగేలా పెట్టారు. అది కూడా పాడైతే పిల్లను ఎత్తుకున్న తల్లి పదో అంతస్తు ఎక్కాలి. 1972లో పేల్చివేత మొదలైంది, 1976 నాటికి ఒక్క భవనమూ మిగల్లేదు. వాస్తుశిల్పిని తిట్టారు జనం. నేనైతే ముందు పద్దు రాసినవాళ్లను అడుగుతాను.

వ్యాఖ్యాత: బాగా జరిగినవి లేవా మేడమ్?

అతిథి: ఉన్నాయి, వాటికీ నెలనెలా బిల్లు ఉంటుంది. సియోల్‌లో చంగ్యేచన్ వాగు మీద కాంక్రీటు కప్పి, పైన ఎత్తైన రహదారి వేశారు. 2003లో దాన్ని తొలగించడం మొదలుపెట్టి 2005లో వాగును మళ్లీ తెరిచారు. దాదాపు 6 కిలోమీటర్లు. వేసవిలో అక్కడ గాలి చల్లబడిందంటారు, జనం వెళ్లి కూర్చుంటారు. నాకూ ఇష్టమైన పనే. కానీ ఆ వాగులో ఎక్కువ నీరు సహజంగా పారదు. హాన్ నది నుంచి మోటార్లతో తోడి పోస్తారు. మోటారు ఆగితే వాగు ఆగుతుంది. అక్కడి చిల్లర వ్యాపారులు చాలామంది వేరేచోటికి తరలిపోయారు. మెచ్చుకుంటూనే ఈ రెండూ చెప్పాలి.

వ్యాఖ్యాత: జనాన్ని అడిగామంటారు అధికారులు. సభ పెడతారు, సంతకాలు తీసుకుంటారు.

అతిథి: 1969లో షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే ఆవిడ ప్రజల భాగస్వామ్యాన్ని 8 మెట్ల నిచ్చెనలా గీసింది. అడుగున జనాన్ని ఏమార్చడం, పైన నిర్ణయం జనం చేతికే రావడం. ‘అభిప్రాయం అడిగాం’ అనేది నాలుగో మెట్టు మాత్రమే. మా సభలు చాలావరకు మూడో మెట్టు మీదే, అంటే సమాచారం చెప్పి వదిలేయడం దగ్గరే ఆగేవి, నిజం చెప్పాలంటే. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే 1989లో ఇంకో దారి పట్టింది. పెట్టుబడి పనుల డబ్బు ఎక్కడ పెట్టాలో పేటలవారీగా సభల్లో జనమే ఏది ముందో ఏది తరవాతో తేల్చి చెప్పారు. జనం అడిగింది ఫౌంటెన్లు కాదు, మురుగు పైపులు, వీధి రోడ్లు. నీరు, మురుగు కనెక్షన్లున్న ఇళ్లు 1988లో 75 శాతం, 1997 నాటికి 98 శాతం అయ్యాయని ప్రపంచ బ్యాంకు లెక్క. తరవాత పాలకులు మారారు, ఆసక్తి సన్నగిల్లింది, 2017లో ఆపేశారు.

వ్యాఖ్యాత: చివరగా నా స్వార్థం. మా వీధి విస్తరణ మీద వచ్చే వారం సభ ఉంది. ముసాయిదా అతికించారు, అభ్యంతరాలు చెప్పమన్నారు. ఒక్క ప్రశ్నకే అవకాశం దొరికితే ఏం అడగాలి?

అతిథి: ముందు రంగుల పటం పక్కన పెట్టించి, మట్టాలు చూపే నలుపు తెలుపు కాగితం అడగండి. పాత రోడ్డు మట్టం, కొత్త రోడ్డు మట్టం, మీ గడప మట్టం. పాత పొర గీకకుండా పైన ఇంకో పొర వేస్తే మీ ఇల్లు ఏటా కొంచెం కొంచెం పల్లమవుతుంది. అది చూసుకున్నాక, కాలువ నీరు చివరికి ఎక్కడ పడుతుందో పటం మీద వేలుతో చూపించమనండి.

వ్యాఖ్యాత: చూపిస్తే?

అతిథి: వాగు దాకానో చెరువు దాకానో వేలు ఆగకుండా వెళితే, కూర్చోండి.

వ్యాఖ్యాత: పటం అంచు దాకా వచ్చి ఆగిపోతే?

అతిథి: కింది పేటవాళ్లకు ఫోను చేసి సభకు రమ్మనండి. కుర్చీలు కొన్ని ఎక్కువ వేయించండి.