అందరి చేతిలో అవే ముక్కలు

అందరికీ నమస్కారం. పెద్దలకి, పిల్లలకి, వెనకాల బిర్యానీ గిన్నె దగ్గర కాపలా ఉన్నవాళ్లకి కూడా. సెక్రటరీ గారు "పిల్లల చేత ఫోన్ మాన్పించడం ఎలా" అని ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. నాకేం తెలుసండీ, మా వాడే ఫోన్ వదలడు. అందుకని నాకు తెలిసిందే చెప్తా, ఒక సముద్రపు దొంగల ముక్కలాట గురించి.

పేరు లిబర్టాలియా. పావోలో మోరి అని ఇటలీ ఆయన చేశాడు, 2012లో వచ్చింది. మడగాస్కర్‌లో సముద్రపు దొంగలు కట్టుకున్నారని కథగా చెప్పుకునే ఊరి పేరది.

ఆగండి, ముందు ఇది చెప్పండి, పెళ్లిళ్లలో దుప్పటి పరిచి తెల్లార్లూ రమ్మీ ఆడినవాళ్లు చేతులెత్తండి. మరీ ఇంతమందా! మా బావమరిది ఇరవయ్యేళ్లుగా ఓడిపోతున్నాడు, ఇరవయ్యేళ్లుగా ఒకటే మాట, "ముక్కలు పడలేదు బావా". గెలిచిన రోజు మాత్రం తెలివి, ముక్కల ఊసే రాదు.

ఇక్కడ ఆ మాట చెల్లదండీ. ఒక్కొక్కరికీ 1 నుంచి 30 దాకా 30 ముక్కల సెట్టు, ఒకరు కలిపి తొమ్మిది తీస్తే మిగతావాళ్లు తమ సెట్లోంచి అవే తొమ్మిది ఏరుకోవాలి. అవే! రోజుకొకటి (ఆటలో రోజంటే ఒక రౌండు లెండి) బోర్లా పెట్టి అందరూ ఒకేసారి తిప్పుతారు, పెద్ద నంబరు వాడు దోపిడీ సొమ్ములో నచ్చింది ముందు ఎత్తుకుంటాడు, ఆఖరివాడికి మిగిలిందే గతి, ఒక్కోసారి అది శాపం ముసుగు, ఒక్కోటి మూడు నాణేలు తినేస్తుంది. చిన్న నంబర్లు పనికిరావనుకోకండి, వాటి కొంటె పనులు వాటికున్నాయి. ఆరు రోజులకో దండయాత్ర, మొత్తం మూడు, గంటలో తేలిపోతుంది. 2022లో మళ్లీ వేశారు, దొంగల్ని జంతువులు చేసి ఆకాశంలో తిప్పారు, ముద్దుగానే ఉంది గానీ నాకు పాతదే ఇష్టం.

సరే, మొన్న సంక్రాంతికి ఆడాం. బావమరిది నా ఎడమ పక్క. రెండో నంబరు కోతి, దాన్ని వేస్తే మన దగ్గరున్న ముసుగులన్నీ ఎడమ పక్కవాడికి పోతాయి. వాడు రెండో రోజే ఒక్క ముసుగు వదిలించుకోడానికి తొందరపడి కోతిని వాడేశాడు. నేను దాచుకున్నా. రెండు ముసుగులు పోగయ్యాయి, కడుపులో తిప్పుతోంది, అయినా నోరు మెదపలేదు. ఆరో రోజు తిప్పా. కోతి! రెండూ వాడి ఒళ్లో పడ్డాయి, ఆరు నాణేలు హాంఫట్.

వాడు నోరు తెరిచాడు. "ముక్కలు..." అని ఆగిపోయాడు. అందరం వాడి మొహమే చూస్తున్నాం, వాడి ముక్కలే మా చేతిలోనూ ఉన్నాయి కదా. కాసేపు ఆలోచించి "కుర్చీ కలిసి రాలేదు బావా" అన్నాడు.

సెక్రటరీ గారు వాచీ చూపిస్తున్నారు, అయిపోయిందండీ. డబ్బా క్యారమ్స్ రూంలో పెట్టా, ఆరుగురు దాకా ఆడొచ్చు, భోజనాలయ్యాక రండి. నా ఎడమ పక్క కుర్చీ ఖాళీయే, మా బావమరిది కూర్చోడంట.