సైరెన్లు మనుషుల్ని లాగింది అందంతో కాదు

గ్రీకు పురాణాల్లో పాట పాడి నావికుల్ని లాగి చంపే ఆడజీవాలే సైరెన్లు. సైరెన్ బొమ్మ గీయమంటే మనలో చాలామంది నడుము కింద చేప తోక ఉన్న అందమైన అమ్మాయిని గీస్తారు. ఆ తోక గ్రీకులు పెట్టింది కాదండీ. పాత గ్రీకు కుండల మీద చూస్తే సైరెన్‌కి ఆడమనిషి తల, పక్షి ఒళ్లు, గోళ్లున్న కాళ్లు ఉంటాయి. చేప తోక సంగతి క్రీస్తు శకం 7, 8 శతాబ్దాల నాటి ఒక లాటిన్ గ్రంథంలో కనిపిస్తుంది, అంటే గ్రీకు కవి హోమర్ తర్వాత వెయ్యేళ్లు దాటాక.

సరే, ఒంటి సంగతి అలా ఉంచండి. అసలు వాళ్లు మనిషిని ఎలా లాగేవాళ్లో అది చూడాలి. ట్రాయ్ నగరం మీద గ్రీకులు చేసిన యుద్ధం నుంచి ఇంటికి తిరిగొచ్చే ఒడిసియస్ అనే వీరుడి కావ్యం ఒడిస్సీ, దాని 12వ భాగంలో ఈ కథ ఉంది, అందులో హోమర్ వాళ్ల ముఖం గురించి, రూపం గురించి ఒక్క ముక్క చెప్పడు. పచ్చికలో కూర్చుని ఉంటారు, చుట్టూ కుళ్లిపోతున్న మగవాళ్ల ఎముకల గుట్ట, అంతే. సర్సీ అనే మంత్రగత్తె ముందే హెచ్చరించింది కాబట్టి ఒడిసియస్ మైనం పిసికి నావికుల చెవుల్లో పెడతాడు, తనను మాత్రం ఓడ స్తంభానికి కట్టేయమంటాడు, ఎందుకంటే ఆ పాట వినాలి, చావకూడదు. ఓడ దగ్గరికొచ్చేసరికి గాలి పడిపోతుంది, సముద్రంలో అల లేదు, అప్పుడు పాట మొదలవుతుంది.

ఆ పాటలో ఏముందో చూడండి. మేం అందగత్తెలం, మా దగ్గరికి రా అని అనరు. పేరు పెట్టి పిలిచి, ఓడ ఆపు, ట్రాయ్‌లో గ్రీకులు, ట్రోజన్లు పడ్డ కష్టాలన్నీ మాకు తెలుసు, భూమ్మీద జరిగేదంతా మాకు తెలుసు, మా పాట విన్నవాడు ఇంకా ఎక్కువ తెలుసుకుని వెళ్తాడు అంటారు. పదేళ్లు యుద్ధం చేసి, తోటివాళ్లను పోగొట్టుకుని, ఇంకా ఇల్లు చేరని మనిషికి ఇంతకంటే పెద్ద ఎర ఏముంటుంది? ఇదే మనిషి తర్వాత ఒక రాజుగారి సభలో గుడ్డి గాయకుడు ట్రాయ్ యుద్ధం పాడుతుంటే పైబట్ట ముఖం మీదకి లాక్కుని ఏడుస్తాడు. అంటే అతని గాయం ఎక్కడుందో సైరెన్లకి బాగా తెలుసు, సరిగ్గా అక్కడే పట్టుకున్నారు. కట్లు విప్పండని కనుబొమలతో సైగ చేస్తే నావికులు ఇంకా గట్టిగా బిగించారు, అందుకే బతికాడు. గోళ్లు, రెక్కల కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఈ తెలివే.

ఇంకో మాట. రోమన్ కవి ఓవిడ్ చెప్పిన కథలో ఈ సైరెన్లు పుట్టుకతో రాక్షసులు కారు. పంటల దేవత కూతురు పెర్సెఫొనీకి స్నేహితురాళ్లు. ఆమెను పాతాళానికి ఎత్తుకుపోతే భూమంతా వెతికి, ఇక సముద్రం మీద కూడా వెతకాలని రెక్కలు కావాలని కోరుకున్నారు, దేవతలు ఇచ్చారు. పోయిన స్నేహితురాలి కోసం తెచ్చుకున్న రెక్కలవి! ఏథెన్స్ వాళ్లు సమాధుల మీద ఏడుస్తున్న సైరెన్ల శిల్పాలు పెట్టేవాళ్లంటే నాకేం ఆశ్చర్యం అనిపించదు.

వీళ్ల చావు కూడా చూడాలి. బ్రిటిష్ మ్యూజియంలో ఒక కుండ ఉంది, సుమారు క్రీ.పూ. 480-470 నాటిది, ఇటలీలోని వల్చిలో దొరికింది. స్తంభానికి కట్టేసి ఉన్న ఒడిసియస్, రెండు రాళ్ల మీద ఇద్దరు సైరెన్లు, మూడో సైరెన్ కళ్లు మూసుకుని తలకిందులుగా ఓడ మీదకి పడిపోతూ ఉంటుంది. ఎవరైనా పాట విని కూడా దాటిపోతే వీళ్లు చచ్చిపోతారని తర్వాతి రచయితలు రాశారు. థీబ్స్ అనే గ్రీకు నగరం దగ్గర కూర్చున్న స్ఫింక్స్ అనే రాక్షసిది కూడా ఇదే గతి, ఆడదాని తల, సింహం ఒళ్లు, రెక్కలు, పొద్దున నాలుగు కాళ్లు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం మూడు కాళ్లు ఉండేదేంటి అని అడిగి, చెప్పలేనివాణ్ని తినేసేది. ఈడిపస్ అనే వీరుడు "మనిషి" (పాకే పసివాడు, నడిచే పెద్దవాడు, కర్ర పట్టిన ముసలివాడు) అనగానే కొండ మీంచి దూకేసింది.

హార్పీల గురించి పెద్దగా చెప్పను, ఫినియస్ అనే గుడ్డివాడి నోటి దగ్గర కూడు లాక్కుపోయే రెక్కల ఆడవాళ్లు. స్కిల్లా మాత్రం వేరు. సైరెన్లను దాటిన వెంటనే వచ్చేది ఆమే. పన్నెండు కాళ్లు, ఆరు పొడవాటి మెడలు, ఒక్కో నోట్లో మూడు వరసల పళ్లు. పాట లేదు, ప్రశ్న లేదు, బేరం లేదు, ఒక్కసారిగా ఆరుగురు నావికుల్ని ఎత్తుకుపోతుంది. వాళ్లు గాల్లో వేలాడుతూ ఒడిసియస్ పేరు పెట్టి అరుస్తారు, సముద్రంలో తను చూసిన వాటన్నిటిలో అంత జాలిగొలిపేది ఇంకోటి లేదని అతనే చెప్తాడు. పైగా స్కిల్లా గురించి అతనికి ముందే తెలుసు, భయపడి తెడ్లు వదిలేస్తారని నావికులకి చెప్పలేదు. తెలివైన నాయకుడని అందరం పొగిడే మనిషి చేసిన ఈ పని నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

వచ్చే వీడియో పాముల జుట్టున్న మెడూసా మీద. గ్రీకు కవి హెసియడ్ ఆమెను సముద్ర దేవుడు పోసైడన్ మెత్తటి పచ్చికలో కలిశాడని రాస్తే, ఓవిడ్ గుడిలో బలాత్కారం జరిగిందని, శిక్ష మాత్రం మెడూసాకే పడిందని రాశాడు. ఆ రెండు కథలూ పక్కపక్కన పెట్టి మాట్లాడుకుందాం.