బీమా కుక్క ధరకా, డాక్టరు బిల్లుకా?

మన అపార్ట్‌మెంట్ కుక్కల టీకా శిబిరానికి వచ్చిన అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకీ, పొద్దున్నుంచీ టీకాలు వేస్తున్న డాక్టరు గారికీ, కుర్చీలు దొరక్క నిలబడ్డవాళ్ళకీ, కుర్చీల కింద పడుకున్న నాలుగుకాళ్ళ సభ్యులకీ. సెక్రటరీ గారు నాకు పది నిమిషాలిచ్చారు, అందులో ఒకటి ఆయనే తినేశారు. 1885లో ఇదే జూలై 6న పాశ్చర్ ఒక పిల్లాడికి తొలి రేబిస్ టీకా వేయించిన కథ డాక్టరు గారు చెప్పేశారు కాబట్టి నేను నేరుగా విషయానికొస్తాను.

రిటైరయ్యేదాకా నేను జనరల్ ఇన్సూరెన్సులో పనిచేశాను. అందుకే లిఫ్టులో కనపడితే చాలు, 'అంకుల్, మా కుక్కకి ఇన్సూరెన్స్ కట్టమంటారా, దండగంటారా' అని అడుగుతారు. ఆరో అంతస్తు వచ్చేలోపు చెప్పే జవాబు కాదది. ముందు నేనడిగేదొకటుంది. ఆ పాలసీ దేనికి బీమా చేస్తోంది? కుక్క ధరకా, డాక్టరు బిల్లుకా?

ఈ తేడా నాకు బర్రెలు నేర్పాయి. చాలాకాలం నేను పశువుల క్లెయిములు చూశాను. అక్కడ రూలొకటే, చెవికి బీమా నంబరున్న ట్యాగు లేకపోతే క్లెయిము లేదు. బర్రె చచ్చిపోతే రైతు చెవి ముక్క ట్యాగుతో సహా తెచ్చేవాడు, ప్లాస్టిక్ కవర్లో ఉప్పు చల్లి. నేను దూదితో తుడిచి నంబరు చదివేవాణ్ణి. ఆ వాసనకి పక్క సీట్లవాళ్ళు టీకి లేచిపోయేవాళ్ళు. ఒక పెద్దమనిషి చెవి తెచ్చాడు గానీ ట్యాగు ముళ్ళకంపలో ఊడిపోయిందట. బర్రె చచ్చింది నిజం, పోస్టుమార్టం కాగితం ఉంది, ఊరంతా సాక్ష్యం. నేను ఫైలు మీద 'నో ట్యాగ్' అని రాశాను. రూలది. ఆయన ఏమీ అనలేదు, కవరు మాత్రం తిరిగి తీసుకున్నాడు.

బర్రెకి ఆ లెక్క సరిపోతుంది. పాలిచ్చే బర్రెకి సంతలో ధరుంటుంది, పోతే ఆ ధర రావాలి. మన పాత కుక్కల పాలసీలూ ఎక్కువగా ఆ లెక్కలోంచే వచ్చాయి. మార్కెట్ విలువ ఎంత, చచ్చిపోతే ఎంత. మరి మీరిక్కడికొచ్చింది కుక్క చచ్చిపోతే డబ్బొస్తుందా అని కాదుగా? బతికించుకోడానికి ఎంతవుతుందో అన్న భయంతో వచ్చారు.

ఇప్పుడు నా సొంత గోడు. మా పండు మియాపూర్ మెట్రో స్టేషన్ దగ్గర దొరికిన కుక్క. పాలసీ తీసుకుందామని ఒక కంపెనీకి ఫోన్ చేశాను, పేరు చెప్పను. 'బ్రీడ్ ఏంటి సార్?' అందా అమ్మాయి. 'ఈ ఊరిదేనమ్మా.' 'మార్కెట్ వాల్యూ ఎంత వేయమంటారు?' 'ఎవరూ అమ్మలేదు, నేను కొనలేదు.' 'సున్నా వేస్తే సిస్టమ్ ముందుకి పోదు సార్.' పోనీ ఏదో ఒకటి వేయమంటే, వైద్యం పరిమితి కూడా ఆ విలువకే ముడిపెట్టారట! తర్వాత స్కూటర్ గుద్ది పండు కాలు విరిగింది. ఎక్స్‌రే మిషన్ జాతి అడగలేదు. ప్లేటు వేసిన సర్జనూ అడగలేదు. పక్క టేబుల్ మీది లాబ్రడార్‌కి ఎంతో వీడికీ అంతే. చేతి డబ్బులు కట్టాం. కొత్తగా వచ్చిన కొన్ని పాలసీలు దేశీ కుక్కల్నీ తీసుకుంటున్నాయి, కాదనను. అడిగి కట్టండి.

ఇక లెక్క. ఏడాది ప్రీమియం 6,000 అనుకుందాం. 18 శాతం జీఎస్టీ కలిపితే 7,080. మనం సొంతంగా కట్టుకునే హెల్త్ పాలసీకి 2025 సెప్టెంబరులో జీఎస్టీ తీసేశారు, కుక్కదానికి కాదు. ఆదాయపన్నులో 80డీ మినహాయింపూ రాదు. బిల్లు 30,000 అయ్యిందనుకోండి, 20 శాతం మన వాటా పోతే 24,000 చేతికొస్తుంది. పాలసీ బదులు బ్యాంకులో నెలకి 600 ఆర్డీ కడితే ఐదేళ్ళకి 36,000, పైన వడ్డీ. బాగానే ఉంది కదా? కానీ కాలు రెండో ఏడే విరిగితే అప్పటికి ఆర్డీలో కట్టింది మహా అయితే పద్నాలుగు వేల చిల్లర. ఆ రోజు ముప్పై వేలు తీసి కట్టగలిగేవాళ్ళకి ఆర్డీ చాలు. కట్టలేనివాళ్ళకే పాలసీ.

టీకాలు, నులిపురుగుల మందు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం ఏ బీమా మీదా పెట్టుకోకండి. తెలిసిన ఖర్చులవి, మామూలుగా పాలసీలోకి రావు. వానలు పడగానే పిడుదులొస్తాయి, వెనకే టిక్ ఫీవర్. తొందరగా పట్టుకుంటే నాలుగు వారాల డాక్సీసైక్లిన్ మందుతో పోయేది, ముదిరి ప్లేట్‌లెట్లు పడిపోతే అడ్మిషనవుతుంది. డబ్బు కష్టమైతే నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. దూరమే, క్యూ ఉంటుంది, వెళ్ళండి. జర్మన్ షెపర్డ్, లాబ్రడార్ పెంచేవాళ్ళ సంగతి వేరు. తుంటి కీళ్ళ జబ్బు వాటికి వంశపారంపర్యంగా వచ్చే బెడద. లక్షణం కనపడ్డాక కడితే 'ముందే ఉన్న జబ్బు' అని కొట్టేస్తారు. పిల్లగా ఉన్నప్పుడే కట్టాలి. వయసు మళ్ళాక కొత్తగా చాలామంది తీసుకోరు.

బి బ్లాక్ వాళ్ళు వినండి, మిమ్మల్నే! థర్డ్ పార్టీ లయబిలిటీ అని అదనపు కవరొకటుంటుంది. మీ కుక్క డెలివరీ కుర్రాణ్ణి కరిస్తే అతని వైద్యానికి, నష్టపరిహారానికి పనికొచ్చేది అదే. అపార్ట్‌మెంట్లో నేనైతే ముందు అది ఉందా అని చూస్తాను.

టీకా కార్డు మీద తేదీ, డాక్టరు ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు ఇవాళే రాయించుకోండి. టీకా వేయించకపోతే ఆ జబ్బు క్లెయిము చాలా పాలసీల్లో చెల్లదు. కుక్క చర్మం కింద గుర్తింపు చిప్ వేయిస్తే దాని 15 అంకెల నంబరు పాలసీలో ఎక్కిందో లేదో చూసుకోండి. ట్యాగు ఊడిన కథ విన్నారుగా. క్లెయిము కొట్టేస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకపోతే, వచ్చినా నచ్చకపోతే, లక్డీకాపూల్ దగ్గర బీమా తగువులు తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసుంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

సెక్రటరీ గారు వాచీ చూపిస్తున్నారు. ఒక్క మాట సార్. బీమా కంపెనీల మీద అధికారం ఉన్న ఐఆర్‌డీఏఐ మన నానక్‌రామ్‌గూడలోనే ఉంది. వాళ్ళకో ఉత్తరం రాశాను. కుక్క వైద్యం కవరు దాని కొన్న ధరకి ముడిపెట్టొద్దని, ఇచ్చేది ధరా బిల్లా అన్నది పాలసీ మొదటి పేజీలోనే పెద్దక్షరాల్లో వేయించాలని. టీ బల్ల మీద పెట్టాను. సంతకం పక్కన ఫ్లాట్ నంబరు, కుక్క పేరు రాయండి. పాలసీలు వెంట తెచ్చినవాళ్ళు వెళ్ళిపోకండి, మినహాయింపుల పేజీ ఇప్పుడే కూర్చుని చదువుదాం.