కుందేలు కంట్లో లేనిది

అందరికీ నమస్కారం.

కంటి వెనక కాంతిని పట్టే పొర రెటీనా. మనిషిలో దాని మందం సుమారు పావు మిల్లీమీటరు. అందులో చచ్చిన కణం మళ్లీ పుట్టదు. అందుకే కంట్లోకి వెళ్లే మందునైనా, ఇంప్లాంటునైనా ముందు పరీక్షిస్తాం. ఆ పరీక్ష పాసైందనగానే ఊపిరి పీల్చుకుంటాం కదా, అక్కడే నా పేచీ.

2015లో స్పెయిన్‌లో జరిగింది చూడండి. ఊడిన రెటీనాను వెనక్కి అదిమి పెట్టడానికి సర్జన్లు పెర్‌ఫ్లోరో ఆక్టేన్ అనే బరువైన ద్రవాన్ని కంట్లో పోస్తారు. ఆపరేషన్ సజావుగానే అయింది, చూపు మాత్రం పోయింది. ఒకరిద్దరికి కాదు, వందమందికి పైగా! ఆ ద్రవం పరీక్షలు పాసై వచ్చిందే. కాకపోతే ఆ పరీక్షల్లో దాన్ని ల్యాబులో పెంచిన కణాల మీద నేరుగా పోయలేదు. నీటి ద్రావణంతో కలిపి ఉంచి, ఆ ద్రావణాన్ని పోశారు. పెర్‌ఫ్లోరో ఆక్టేన్ నీళ్లలో కలవదు, అందులోని విష మలినాలూ నీళ్లలోకి సరిగా దిగవు. ఇక కణాలకేం, నిక్షేపంగా బతికాయి. కంట్లో మాత్రం ద్రవం రెటీనాను తాకుతూనే ఉంటుంది. తర్వాత నేరుగా తాకించి చూస్తే కణాలు చచ్చాయి.

ఈ పరీక్షలకు వాడే కుందేలు సంగతీ అంతే. మనం చదివేదీ, ముఖాలు గుర్తుపట్టేదీ రెటీనా నడిమి భాగమైన మాక్యులాతో. కుందేలుకి అది లేనే లేదు. పైగా ల్యాబుల్లో ఎక్కువగా కనిపించే తెల్ల కుందేలు కంట్లో మెలనిన్ ఉండదు. మెలనిన్‌కి అంటుకునే మందును దాని మీద పరీక్షిస్తే ఏం తెలుస్తుంది? నల్ల కళ్ల కుందేలును తెచ్చుకోవాలి.

ఈఆర్‌జీ నాకిష్టమైన పరీక్ష, వెలుగు పడ్డప్పుడు రెటీనా ఇచ్చే విద్యుత్ స్పందనను గీతగా చూపిస్తుంది. కంటిని ఇరవై నిమిషాలు చీకట్లో ఉంచి, కార్నియా మీద ఎలక్ట్రోడు పెట్టి ఒక్క మెరుపు కొడితే గీత కిందికి దిగి, పైకి లేస్తుంది. ఆ దిగడం కాంతిని పట్టే కణాలది, లేవడం వాటి వెనకున్న బైపోలార్ కణాలది. ఏ మెట్టు దెబ్బతిందో గీతే చెబుతుంది. అయితే అది రెటీనా మొత్తం కలిపి వేసిన లెక్క. మాక్యులాలో చిన్న మచ్చ అందులో మునిగిపోతుంది. రెటీనా పొరలను చూపించే ఓసీటీ స్కాన్ లేకుండా ఈఆర్‌జీ ఒక్కదాన్నే నమ్మను.

రెటీనాకి కరెంటు పల్సులు పంపే ఎలక్ట్రోడ్ల ఇంప్లాంటుకి ఇంకో బెడద: ప్రతి పల్సులో పంపినంత విద్యుదావేశాన్ని వెనక్కి లాగాలి, లేకపోతే కణజాలంలో రసాయన చర్యలు మొదలవుతాయి.

కీళ్లవాతం, లూపస్ లాంటి జబ్బులకు వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర విషయంలో నెలల పరీక్షలు చాలవు, నష్టం ఏళ్ల తరబడి పేరుకుంటుంది. మాత్ర మానేశాక కూడా ముదరొచ్చు. అందుకే దాన్ని వాడటం మొదలుపెట్టి అయిదేళ్లు దాటినవాళ్లను ఏటా పిలిచి ఓసీటీ తీస్తాం.