గుడిసె మార్చమన్నారు, ఊరు మార్చమన్లేదు

వేదిక మీద పెద్దలకి, అమ్మలకి, అయ్యలకి నమస్కారం. ఉగాది గురించి ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. పచ్చడి గురించి పంతులుగారు బాగా చెప్పారు కాబట్టి నేను ఇంటి గురించి చెప్తా, ఏమీ అనుకోకండి.

మనలో చాలామంది తాతలు నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి మద్రాసు కార్పొరేషన్‌లో ఊడ్చే పనికి వచ్చినోళ్లే. పని దగ్గర్లో ఉందని కూవం నది గట్టున గుడిసెలేసుకున్నారు. 1970లో తమిళనాడు సర్కారు కుడిసై మాట్రు వారియం, అంటే గుడిసెల మార్పిడి బోర్డు పెట్టింది, పేదవాడి నవ్వులో దేవుణ్ణి చూద్దాం అని ముఖ్యమంత్రిగా చేసిన అన్నాదురై చెప్పిన మాటని దానికి నినాదంగా పెట్టుకున్నారు. మొదట్లో ఆ మాట నిలబెట్టారు కూడా, గుడిసెలున్న చోటే అంతస్తులు కట్టి అక్కడోళ్లకే ఇచ్చారు. తర్వాత సిటీలో జాగా బంగారమైపోయింది, 2000 నుంచి కన్నగి నగర్, సునామీ తర్వాత సెమ్మంజేరి, 2015 వరద తర్వాత పెరుంబాక్కం, అన్నీ ఊరి అవతలి కాలనీలే. 2021లో బోర్డు పేరే మార్చేశారు. తమిళంలో మాట్రు అంటే మార్చు అనే కదా అర్థం, గుడిసె మార్చమన్నారు గానీ ఊరు మార్చమన్లేదే!

మమ్మల్నీ అలాగే తీసుకెళ్లారు, ఏ కాలనీ అన్నది వదిలేయండి. జనవరిలో లారీ వచ్చింది, చెల్లెలు టెన్త్ పుస్తకాల సంచి ఒళ్లో పెట్టుకుని సామాను మీద కూర్చుంది, పరీక్షలకి రెండు నెలలే ఉంది. పరీక్ష రాసింది గానీ ప్లస్ వన్, అంటే పదకొండో క్లాసు, చేరలేదు.

అమ్మకి ఆ ఇల్లు నచ్చింది, అదీ చెప్పాలి. బాత్రూం లోపలే ఉందని రెండుసార్లు తలుపు తీసి చూసుకుంది, తాళంచెవి కొంగున ముడేసుకుని పడుకుంది. కానీ పొద్దున ఆరింటికి అటెండెన్స్, నాలుగింటికి లేచి రెండు బస్సులు మారాలి, లేటైతే ఆ రోజు కూలి పోయినట్టే. లిఫ్ట్ ఆగితే ఆరో అంతస్తుకి నీళ్ల బిందెలు, సిలిండరు, అన్నీ మెట్ల మీదే మోయాలి. ఆరు నెలలకి ఇంటికి తాళం వేసి మళ్లీ పాత చోటి దగ్గరే అద్దె గదికి వచ్చేశాం. అప్పుడు ఆఫీసోళ్లు వచ్చి, తాళం వేసుంది, అలాట్‌మెంట్ క్యాన్సిల్ చేస్తాం అన్నారు. ఎందుకు తాళం వేశావమ్మా అని ఒక్కరూ అడగలేదండీ, ఒక్కరూ!

ఉగాది మాట పూర్తిగా పక్కకి పోయింది, క్షమించండి, ఇంకొక్క మాట. సిటీలో పాత బ్లాకులు పడగొట్టి మళ్లీ కడుతున్నారు. మీ బ్లాక్ ఖాళీ చేయమంటే, తిరిగి ఇక్కడే ఇల్లిస్తామని కాగితం మీద రాసివ్వకుండా కదలకండి. తమ్ముళ్లూ, ఆ కాగితం మీ అమ్మలకి చదివి వినిపించండి, ఊరికే వేలిముద్ర వేయించకండి.

గుమ్మం దగ్గర టేబుల్ మీద ఒక నోట్‌బుక్ పెట్టాను. పేరు, బ్లాక్ నంబరు, పని ఎక్కడో రాసి వెళ్లండి. తెలుగులో రాసినా పర్లేదు, తమిళంలో అర్జీ నేను రాస్తా.