‘మీ అనుభవానికి ఇది చిన్న ఉద్యోగం’ అంటే అసలు అర్థం ఏమిటి?

(తెర మీద: చీమకుర్తి. పాలిష్ చేసిన నల్ల గ్రానైట్ పలక. దాని మీద నీళ్లు చల్లుతున్న చెయ్యి.)

నీళ్లు ఆరుతుంటే చూడండి. పలకంతా పొడిబారింది. ఒక్కచోట మాత్రం వెంట్రుకంత గీత ఇంకా తడిగానే ఉంది. అదే పగులు. లారీ ఎక్కించాక తేలితే ఆ పలక డబ్బు పోయినట్టే.

ఈ గీతను ఇట్టే పసిగట్టే మనిషి మా బాబాయి. వయసు 54. 27 ఏళ్లుగా ఇదే పని. పాత ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంకోచోట అడగడానికి వెళ్లారు. “మీ అనుభవానికి ఇది చిన్న ఉద్యోగం సార్” అని మర్యాదగా పంపేశారు. జీతం ఎంత కావాలని కూడా అడగలేదు.

(తెర మీద: 1967)

అమెరికాలో 1967లోనే దీనికి చట్టం చేశారు. 20 మందికి తక్కువ కాకుండా ఉద్యోగులున్న సంస్థ, 40 ఏళ్లు నిండినవారిని వయసు చూసి కాదనకూడదు. 1991లో అక్కడి అప్పీళ్ల కోర్టు ఒకటి 58 ఏళ్ల ఉద్యోగి కేసు విన్నది. ‘అర్హత ఎక్కువ’ అనడం, వయసు పైబడిందన్న అసలు కారణానికి వేసే ముసుగని చెప్పింది. అన్ని కేసుల్లోనూ కోర్టులు ఇలాగే అనలేదు కానీ, ఆ మాటను నిలదీయడానికి అక్కడ ఒక దారైతే ఉంది.

మనకు? రాజ్యాంగం 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాల్లో మతం, కులం, లింగం, పుట్టిన చోటు వంటి కారణాలతో వివక్ష కూడదంటుంది. ఆ వరుసలో వయసు లేదు. ప్రైవేటు ఉద్యోగాల్లో వయసు వివక్షను నిషేధించే ప్రత్యేక చట్టమూ లేదు. అందుకే ‘35 లోపు వారికే’ అని ప్రకటనలో బాహాటంగా రాసుకోగలుగుతున్నారు. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమేమో 2022 జనవరి నుంచి తన ఉద్యోగుల విరమణ వయసును 62 చేసింది. 61లో ఫైలు చూడగలిగినప్పుడు 54లో పలక చూడలేరా? ఈ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వడం లేదు.

యజమానులకూ భయాలున్నాయి. జీతం ఎక్కువ అడుగుతారేమో, కుర్ర సూపర్‌వైజరు మాట వినరేమో, మంచి అవకాశం వస్తే వెళ్లిపోతారేమో. అయ్యా, ఎదురుగా కూర్చున్న మనిషినే అడగండి. ఇల్లూ వాకిలీ ఇక్కడే ఉన్నవారు మీ కుర్రవాళ్లకంటే ఎక్కువ కాలం ఉండవచ్చు.

ఉద్యోగం వెతుక్కునే పెద్దలకు ఒక మాట. వాళ్లు అడగకపోతే మీరే ముందు చెప్పండి: ఇంత జీతానికి చేస్తాను, ఇన్నేళ్లు ఉంటాను అని. బయోడేటాలో పాత హోదాలు తగ్గించి, ఈ పనికి అక్కరకొచ్చేవి పైన రాయండి.

బాబాయి సోమవారం చీమకుర్తిలోనే ఇంకో యూనిట్‌కు వెళ్తున్నారు. ఈసారి బయోడేటా ఇచ్చేముందు చెంబుడు నీళ్లు అడుగుతానన్నారు.