జామకాయ తెలిసిన నోటికి వైన్ కొత్తేం కాదు: చలికాలంలో నాసిక్ ప్రయాణం

[బల్ల మీద ప్లేటు. అందులో ఒక జామపిందె, ఒక బాగా మగ్గిన జామపండు. పక్కన రెండు ఖాళీ గ్లాసులు.]

నమస్కారం. ముందు ఈ పిందె కొరుకుతాను, ఒక్క నిమిషం ఆగండి.

[కొరకడం. మొహం ముడుచుకుపోవడం. ఇక్కడ కట్ చేయొద్దు.]

చూశారుగా. చిగుళ్ళకి ఏదో పట్టుకున్నట్టుంది. నోట్లో తడంతా ఎవరో పీల్చేసినట్టుంది. దీన్ని మనం వగరు అంటాం. గోడ దూకి పిందెలు కోసుకు తిన్న ప్రతి ఒక్కరికీ ఈ రుచి తెలుసు. రెస్టారెంట్లో గ్లాసు తిప్పుతూ "టానిన్స్ బాగున్నాయి" అంటుంటారే, వాళ్ళు చెప్పేది ఈ వగరు గురించే. ఎర్ర ద్రాక్ష తొక్కలోంచి, గింజలోంచి వచ్చే వగరు.

ఇప్పుడు ఈ మగ్గిన పండు వాసన చూడండి. అంటే, మీరు చూడలేరు, నేను చూస్తాను. వంటింట్లో ఒక్క పండు పెడితే ఇల్లంతా వచ్చే వాసన ఇది. సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ గ్లాసు దగ్గర ముక్కు పెడితే చాలాసార్లు ఇదే జామ వాసన, దాని వెనకే కోసిన క్యాప్సికం వాసన వస్తాయి.

మనకి రాని భాష ఏదో నేర్చుకుంటే తప్ప వైన్ అర్థం కాదని చాలామందికి ఒక భయం. నాకూ ఉండేది. చాలా ఏళ్ళు మెనూలో కింద నుంచి రెండోది ఆర్డర్ చేసేవాణ్ణి. మరీ చవకది అడిగితే వెయిటర్ ఏమనుకుంటాడో అని! ఆ టెన్షన్ పోయింది ఒక జనవరిలో, నాసిక్‌లో. ఇవాళ ఆ ఊరి గురించి, అక్కడికి చలికాలంలోనే ఎందుకు వెళ్ళాలో చెబుతాను. తాగే అలవాటు లేనివాళ్ళని తాగమనడానికి కాదీ వీడియో. తాగుతూ, ఏది నచ్చిందో ఎందుకు నచ్చిందో తెలియని పెద్దవాళ్ళ కోసం.

[మ్యాప్: త్ర్యంబకేశ్వర్ నుంచి గీత మొదలై రాజమండ్రి దాకా]

ఇది గోదావరి. త్ర్యంబకేశ్వర్ దగ్గర బ్రహ్మగిరి కొండలో పుట్టి, నాసిక్ ఊళ్ళోకి వచ్చేలోపే గంగాపూర్ డ్యామ్ దగ్గర ఆగుతుంది. ఆ డ్యామ్ వెనక నిలిచిన నీళ్ళ ఒడ్డునే ద్రాక్ష తోటలు. మనం పుష్కరాల్లో మునిగే గోదావరి పక్కనే ఈ తోటలు పెరుగుతున్నాయని అక్కడ నిలబడేదాకా నాకు తట్టలేదు.

నాసిక్‌లో ద్రాక్ష ఎప్పటినుంచో ఉంది, కానీ తినే ద్రాక్ష. వైన్ సంగతికొస్తే, రాజీవ్ సామంత్ అనే ఆయన అమెరికాలో చదువుకుని, ఒరాకిల్‌లో ఉద్యోగం వదిలి 1990ల్లో తమ పొలానికి తిరిగొచ్చాడు. కొన్నాళ్ళు మామిడి లాంటివి వేసి చూసి, చివరికి వైన్ ద్రాక్ష నాటాడు. వాళ్ళ అమ్మ సులభ పేరు మీద కంపెనీకి సులా అని పేరు పెట్టాడు. మొదటి వైన్ 2000లో వచ్చింది. ఆ తర్వాత చుట్టుపక్కల యార్క్, సోమా, దిండోరి వైపు శాండన్, ఇగత్‌పురి వైపు వలోన్, గ్రోవర్ జంపా, ఇలా వరసపెట్టి వైన్ కంపెనీలు వచ్చాయి. యార్క్ అంటే ఇంగ్లండ్ ఊరనుకున్నాను. కాదట. ఆ ఇంటి పిల్లలు యోగిత, రవి, కైలాష్ పేర్లలోని మొదటి ఇంగ్లిష్ అక్షరాలట.

సరే, చలికాలమే ఎందుకు?

యూరప్‌లోనూ కాలిఫోర్నియాలోనూ ద్రాక్ష కోత ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య. చలికాలంలో అక్కడ తీగలకి ఆకు కూడా ఉండదు, మోళ్ళుగా నిద్రపోతుంటాయి. నాసిక్‌లో అంత చలి లేదు కాబట్టి తీగ నిద్రపోదు. వానాకాలంలో కాయ కాస్తే తెగులొచ్చి కుళ్ళిపోతుంది. అందుకని ఇక్కడి రైతులు తీగని ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో ఒకసారి, కొత్త కొమ్మల కోసం. వానలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇంకోసారి, కాయ కోసం. ఈ రెండోదాన్ని మరాఠీలో గోడీ ఛాటణీ అంటారు. గోడ్ అంటే తీపి. తీపినిచ్చే కత్తిరింపు అన్నమాట! ఆ లెక్కన జనవరి నుంచి మార్చి దాకా కోత. పగలు ఎండ వల్ల కాయలో తీపి చేరుతుంది, రాత్రి చలి వల్ల పులుపు పోకుండా నిలుస్తుంది. ఆ పులుపు లేని వైన్ చక్కెర నీళ్ళలా చప్పగా ఉంటుంది.

చలి మరీ ముదిరినా కష్టమే. నాసిక్ పక్కన నిఫాడ్‌లో కొన్ని రాత్రులు మహారాష్ట్ర మొత్తంలోనే తక్కువ ఉష్ణోగ్రత నమోదవుతుంది. కాయలు చిట్లిపోతాయని రైతులు తోటల్లో రాత్రిపూట మంటలు వేస్తారు. కాబట్టి మీరూ స్వెట్టర్ మర్చిపోకండి. పగలు చొక్కా చాలు, సాయంత్రం ఆరు దాటితే తెలిసొస్తుంది.

[తోటలో దగ్గర నుంచి: చిన్న నల్ల ద్రాక్ష గుత్తి]

కోత రోజుల్లో వెళ్తే దొరికే అసలు లాభం ఇది. తోట చూపించే వాళ్ళని అడిగితే కొన్నిచోట్ల ఒక కాయ కోసుకోనిస్తారు. అడగకుండా మాత్రం కోయకండి.

మన బండి మీద దొరికే ద్రాక్షలా పెద్దగా, గింజ లేకుండా ఉండదు ఇది. శనగ గింజ కంటే కాస్త పెద్దది. నోట్లో వేసుకున్నాను. ముందు తీపి. మామూలు తీపి కాదు, తినే ద్రాక్ష కంటే బాగా ఎక్కువ. తర్వాత తొక్క నమిలితే ఈ జామపిందె వగరు. గింజ కొరికితే చేదు. ఈ ద్రాక్ష రకం పేరు షిరాజ్ అన్నారు వాళ్ళు. అరగంట తర్వాత అదే షిరాజ్ వైన్ గ్లాసులో పోసిచ్చారు. తీపి పోయింది, వగరు మిగిలింది, ఎక్కడో మిరియాల ఘాటు. కాయలో తీపి ఎక్కడికి పోయిందో అప్పుడు అర్థమైంది. ఈస్ట్ తినేసింది. తిని ఆల్కహాల్ చేసింది. ఇడ్లీ పిండి పులిసి పొంగినట్టే ఇదీ.

నాతో మా బావ వచ్చాడు. మొదటి గుక్కకే, "ఏం బామ్మర్దీ, పులిసిన ద్రాక్షరసానికి ఇన్ని డబ్బులా?" అన్నాడు. పులిసిన ద్రాక్షరసమే బావా, అన్నాను. ఇంకేం చెప్పను?

తెలుపు, ఎరుపు తేడా కూడా ఆ తొక్క దగ్గరే. కాయని ముందే పిండి, తొక్క తీసేసి, రసాన్ని మాత్రమే పులియబెడితే తెల్ల వైన్. తొక్కతో సహా పులియబెడితే ఎరుపు, అందుకే రంగూ వగరూ రెండూ దిగుతాయి. కొన్ని గంటలే తొక్కతో ఉంచి తీసేస్తే గులాబీ రంగు వైన్, దాని పేరు రోజే. సీసాలోనే రెండోసారి పులియబెట్టి, ఆ గ్యాస్‌ని లోపలే పట్టి ఉంచితే బుడగల వైన్. దిండోరిలో శాండన్ వాళ్ళు చేసేది ఇదే.

లేబుల్ మీద డ్రై అని ఉంటే తీపి లేదని అర్థం. ఇది తెలియక చాలామంది మొదటిసారే డ్రై ఎరుపు తాగి, వైన్ మనకి పడదని తేల్చేసుకుంటారు. కాఫీ అలవాటు లేనివాడికి చక్కెర లేని డికాషన్ ఇచ్చినట్టు! మొదటిసారి వెళ్ళేవాళ్ళు షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌తో మొదలుపెట్టండి. మన దగ్గర దీన్ని ఎక్కువగా కొంచెం తీపి ఉంచి చేస్తారు. తర్వాత సావిన్యాన్ బ్లాంక్, అంటే పులుపు. ఆ తర్వాత గులాబీ రంగు రోజే వైన్. చివర్లో షిరాజ్, క్యాబర్నే అనే ఎరుపులు. ఈ వరస తప్పి ముందే ఎరుపు తాగితే, ఆ వగరు నోట్లోంచి పోదు, తర్వాత వచ్చే తెల్ల వైన్ నీళ్ళలా ఉంటుంది.

టేస్టింగ్‌లో ఒక్కో రకం రెండు మూడు గుక్కలే పోస్తారు. ముందు వాసన, తర్వాత గుక్క, దాన్ని నోరంతా తిప్పాలి. పక్కన ఉమ్మడానికి గిన్నె ఉంటుంది, సిగ్గుపడక్కర్లేదు, రోజంతా రుచి చూసే పని ఉన్నవాళ్ళు అదే చేస్తారు. ఫోన్‌లో నోట్స్ తెలుగులో రాసుకోండి. "మూడోది, పచ్చి మామిడికాయ పులుపు, బాగుంది." ఇంతే చాలు. నా ఫోన్‌లో ఒకచోట "తడి మట్టి, అమ్మమ్మ గారి దూలం" అని ఉంది. పీపాలో ఉంచిన క్యాబర్నే అది. ఇప్పుడు చదువుకున్నా ఆ రుచి గుర్తొస్తుంది.

[క్యాలెండర్ మీద జనవరి]

ఇక ప్రయాణం. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. మొదటిసారి రిపబ్లిక్ డే వారాంతం చూసుకుని టికెట్లు తీశాను. మూడు రోజుల సెలవు, ఎంత తెలివి! తీరా జనవరి 26న ఒక వైనరీకి, అంటే వైన్ చేసే చోటికి వెళ్తే, గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన నవ్వుతూ "డ్రై డే సార్" అన్నాడు. అంటే మద్యం అమ్మని రోజు. పిజ్జా తిని, ద్రాక్షతోట ముందు ఫోటోలు దిగి వచ్చాం. మహారాష్ట్రలో జనవరి 30 కూడా డ్రై డేనే. ఎన్నికలుంటే ఇంకొన్ని రోజులు కలుస్తాయి. టికెట్ తీసే ముందు ఇది చూసుకోండి. కుదిరితే శని, ఆదివారాలు వదిలేయండి. ముంబై, పుణె జనమంతా అప్పుడే దిగుతారు, మీకు పోసే అమ్మాయికి మాట్లాడే తీరిక ఉండదు. మంగళవారం వెళ్తే అదే అమ్మాయి అరగంట కూర్చోబెట్టి చెబుతుంది.

హైదరాబాద్ నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఉంది. నిజామాబాద్, నాందేడ్, ఔరంగాబాద్ (ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్) మీదుగా నాసిక్ రోడ్ స్టేషన్‌కి చేరుస్తుంది. మనవాళ్ళలో చాలామందికి షిర్డీ దారి కొట్టిన పిండే. కాకినాడ నుంచీ విజయవాడ నుంచీ షిర్డీకి రైళ్ళున్నాయి. అక్కడి నుంచి నాసిక్ 90 కిలోమీటర్ల లోపే. షిర్డీ, త్ర్యంబకేశ్వర్ దర్శనాలు ముందు కానిచ్చి, వైనరీలు చివరి రోజుకి పెట్టుకోండి. అటుదిటు చేస్తే ఇంట్లో పెద్దవాళ్ళతో మాట పడతారు, అది నా పూచీ కాదు.

రోజుకి రెండు వైనరీలు చాలు. మూడోదానికి నాలుక పనిచేయదు. ముందు కడుపునిండా టిఫిన్ తినండి. నాసిక్ మిసళ్ మంచిదే, కానీ ఆ కారం తర్వాత గంటసేపు ఏ వైన్ రుచీ తెలియదు, అందుకే పోహా తిన్నాం. పగలు ఒక వైనరీలో టూర్ తీసుకోండి, ట్యాంకులు, పీపాలు, ద్రాక్ష పిండే ప్రెస్సులు చూపిస్తారు. కోత రోజుల్లో కొన్నిచోట్ల ద్రాక్ష తొక్కే సరదా కూడా పెడతారు. ఆ రసం సీసాల్లోకి పోదు, కంగారు పడకండి. సాయంత్రానికి గంగాపూర్ నీళ్ళ ఒడ్డున ఉన్నదానికి వెళ్ళండి. ఐడీ కార్డు జేబులో ఉండాలి, టూరు ముందే బుక్ చేసుకోవాలి. బండి మాత్రం మీరు నడపొద్దు. రోజు మొత్తానికి క్యాబ్ మాట్లాడుకోండి, ఆ దారుల్లో రాత్రిపూట తిరుగు బండి సులువుగా దొరకదు.

సీసాలు తెచ్చుకోవచ్చా అని అడుగుతారు. వేరే రాష్ట్రం మద్యం మన రాష్ట్రాల్లోకి తేవడానికి ఎక్సైజ్ నిబంధనలున్నాయి, బిల్లుంటే చాలనుకోకండి. నేనైతే పేర్లు రాసుకొచ్చి, ఇక్కడి షాపులోనే కొంటాను.

అమెరికాలో ఉన్నవాళ్ళు, మీకు చలికాలంలో కాలిఫోర్నియాలోని నాపా ఉంది. అక్కడ కాయ ఉండదు, తీగలు మోళ్ళే. కానీ జనవరి, ఫిబ్రవరిలో ఆ వరసల మధ్య పసుపుగా ఆవపూలు పూస్తాయి, జనం తక్కువ, పోసేవాళ్ళకి తీరిక ఎక్కువ. బెంగళూరు వాళ్ళకి నంది కొండల దగ్గర గ్రోవర్ జంపా వాళ్ళదే ఇంకో తోట ఉంది. ఇంకా ఒకటి, హైదరాబాద్ గ్రాన్యూల్స్ ఫార్మా కంపెనీ చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు కర్ణాటకలో హంపి కొండల దగ్గర క్రస్మా అనే తోట పెట్టారు. తెలుగువాళ్ళ వైన్ అని కాదు గానీ, వాళ్ళ క్యాబర్నే దొరికితే వదలకండి.

[వంటింట్లో. ఫ్రిజ్ తలుపు తెరిచి ఎర్ర వైన్ సీసా తీయడం]

ఇంటికొచ్చాక రెండు మాటలు. ఎరుపుని రూమ్ టెంపరేచర్‌లో తాగాలి అంటారు. అది చలిదేశపు గదుల లెక్క, 16, 18 డిగ్రీలు. మన ఏప్రిల్ గది కాదు! ఓ అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి, ఆల్కహాల్ ఘాటు తగ్గి పండు రుచి పైకొస్తుంది. తెల్లవి ఇంకా చల్లగా. మూత తిప్పి తీసే సీసా నాసిరకం అనుకోవద్దు, తొందరగా తాగే తాజా వైన్‌కి అదే మేలు.

మన తిండితోనా? కారం ఎక్కువున్న కోడి వేపుడుతో వగరు ఎరుపు తాగితే నోరు ఇంకా మండుతుంది. కొంచెం తీపున్న షెనిన్ చల్లగా తాగండి. గోంగూర మటన్‌తో మాత్రం చప్పటి వైన్ ఏదీ నిలబడదు, గోంగూర పులుపు ముందు తేలిపోతుంది. సావిన్యాన్ బ్లాంక్ పులుపు దానికి సరిజోడు. బిర్యానీతో రోజే వైన్ అని నేనంటాను. మా బావ ఒప్పుకోడు.

నాసిక్ నుంచి వచ్చిన నెలకి బావ ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, ఆ జామకాయ వాసనొచ్చేది పేరేంటి?"